శుభవార్తల పావుగంట

పాలకొల్లులో ఒక కేబుల్ ఛానల్లో నేను కొన్నేళ్ళపాటు వార్తలు చదివాను. ఛానల్ అనగానే పెద్దగా ఊహించుకోవద్దు. కేబుల్ ఆఫీసు మేడ మీద ఒక గది, గోడకి ఆకుపచ్చ గుడ్డ, ఒక బల్ల, ఒక ఏసీ. ఏసీ చప్పుడు మైకులో పడుతుందని వార్తలు చదివేటప్పుడు దాన్ని ఆపేసేవారు. అందుకని వేసవిలో ప్రతి వార్తా చెమటలు కక్కుతూనే చదివాను. చూసేవాళ్ళు అది నా బాధ అనుకునేవారు.

నిజానికి ఆ వార్తల్లో బాధకి కొదవేం లేదు. భీమవరం రోడ్డులో లారీ బైకును గుద్దింది, కాలవలో ఈతకి దిగిన మనిషి తేలలేదు, ఊరెళ్ళినవాళ్ళ ఇంట్లో బీరువా పగిలింది, ఫలానా వీధిలో మంచినీళ్ళు రావడం లేదు. సాయంత్రం పావుగంటలో ఇవన్నీ సర్దేవాళ్ళం. మొదట్లో నేను నవ్వుమొహంతో చదివాను. కాలేజీ ఫంక్షన్లలో యాంకరింగ్ చేసిన అలవాటు. ఓనరుగారు నన్ను పిలిచి, "అమ్మా, మనిషి పోయాడని చెప్పేటప్పుడు పళ్ళు కనబడకూడదు" అన్నారు. అప్పట్నించీ పెదాలు బిగించి చదివేదాన్ని. ఆ మొహమే అలవాటైపోయింది. మార్కెట్లో బెండకాయలు ఏరుతున్నా అదే మొహం. కూరగాయలమ్మే ఆవిడ నన్ను చూడగానే "ఇవాళెవరు పోయారమ్మా" అని అడిగేది. వేళాకోళానికే అడిగేది గానీ, నేను జవాబు చెప్పేదాకా కాటా ముట్టుకునేది కాదు.

మా ఛానల్‌కి రిపోర్టరు, కెమెరామన్, ఎడిటరు అన్నీ ఒకే మనిషి. నలభై దాటినాయన. నేను అన్నయ్యగారూ అనేదాన్ని. మా దగ్గరికి రాకముందు ఆయన పెళ్ళి వీడియోలు తీసేవారు. ఆ అలవాటు పోలేదు. గొడవ జరిగిన చోటికి వెళ్ళినా ముందు అక్కడున్న పెద్దవాళ్ళందరినీ వరసగా ఒకసారి తీసుకుని, తరవాత అసలు విషయానికి వెళ్ళేవారు.

ఈ వ్యవహారమంతా మా ఓనరుగారి తల్లిగారి వల్ల మొదలైంది. మేమందరం ఆవిడని మామ్మగారూ అనేవాళ్ళం. ఉగాది వెళ్ళిన కొన్నాళ్ళకి ఒకరోజు మధ్యాహ్నం ఆవిడ ఆటోలో ఆఫీసుకి వచ్చి, మెట్లెక్కి, మేడ మీద ఉన్న ఒకే ఒక్క మంచి కుర్చీలో, అంటే నేను వార్తలు చదివే కుర్చీలో కూర్చున్నారు. కాస్త ఊపిరి తీసుకుని కొడుకుని పిలిపించారు.

"డాక్టరు గారు నన్ను వార్తలు చూడొద్దన్నార్రా. చూస్తుంటే బీపీ పెరిగిపోతుందంట. చూడకుండా నేనుండలేను, నీ టీవీ కదా. అందుకని నువ్వే మార్చు."

జరిగినవే తాము చెప్తున్నామని, తయారుచేసి చెప్పడం లేదని ఓనరుగారు నచ్చచెప్పబోయారు.

"జరిగినవే చెప్పరా, కాదన్నానా? ఈ ఊళ్ళో పొద్దున లేచిన దగ్గర్నించీ ఇంతమంది వండుకుంటన్నారు, తింటన్నారు, పిల్లలు బళ్ళోకెళ్ళి క్షేమంగా ఇంటికొస్తన్నారు. అది జరగటం కాదా? దాని గురించి ఒక్క ముక్క చెప్పావా ఎప్పుడన్నా?" అని నా వైపు తిరిగారు. "ఈ పిల్ల మొహం చూడు. పెళ్ళయిన పిల్ల, ఎప్పుడూ చావు కబురు తెచ్చినట్టే ఉంటది."

నాకు పెళ్ళయి అప్పటికి అయిదేళ్ళు. ఆ మాట ఎటు తిరుగుతుందో తెలుసు కనక నేను కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాను.

కేబుల్ వైరు కోసం స్తంభాల దగ్గర ఎవరితోనైనా సరే ఎంతసేపైనా పోట్లాడగల మనిషి మా ఓనరుగారు. తల్లి ముందు మాత్రం ఆయన గొంతు లేవలేదు. ఆ వారంలోనే మా పావుగంట పేరు "శుభవార్తలు" అయిపోయింది. అందులో చావు, దొంగతనం, గొడవ ఉండకూడదు. అవి చెప్పి తీరాల్సి వస్తే కింద పరిగెత్తే అక్షరాల్లో వేస్తారు. నాకు పళ్ళు కనబడేలా నవ్వడానికి మళ్ళీ అనుమతి దొరికింది. అన్నయ్యగారు ఉత్సాహం పట్టలేక వార్తకీ వార్తకీ మధ్య గులాబీ రేకులు రాలేలా పెట్టారు.

మొదటి వారం బాగానే గడిచింది. ఒక స్కూల్లో ఆటల పోటీలు, గుళ్ళో కల్యాణం, ఆత్రేయపురం నించి కొత్త రకం పూతరేకులు తెచ్చి అమ్ముతున్న ఒకావిడ. రెండో వారానికి సరుకు అయిపోయింది. చెడ్డవార్త దానంతటదే ఫోన్ చేసి వస్తుంది. లారీ తిరగబడితే పదిమంది చెప్తారు. మంచివార్తని మాత్రం మేమే వీధులంట వెతుక్కోవాల్సి వచ్చింది. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న అమ్మాయి ఇంటికి వెళ్తే, వాళ్ళమ్మ ముందు కూతురికి ఉప్పుతో దిష్టి తీసి, పేరు చెప్పొద్దు, మొహం పక్కనించి చూపించండి అంది. మార్కులు కూడా కాస్త తగ్గించి చెప్పమంది. ఉద్యోగం వచ్చిన ఇంజినీరు కుర్రాడి తండ్రిగారు ఆర్డరు ఇంకా చేతికి రాలేదన్నారు. ఆర్డరు గోడకి ఫ్రేము కట్టి వేలాడుతూనే ఉంది.

మా ఆయన రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో పనిచేస్తారు. ఎవరి చెరువు ఎలా ఉందో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. నా ఇబ్బంది చూసి ఒకరోజు అన్నం తింటూ, ఫలానా ఊళ్ళో ఒక రైతుకి ఈసారి పంట బ్రహ్మాండంగా వచ్చిందని చెప్పారు. నా దగ్గర విన్నట్టు చెప్పకు అని కూడా అన్నారు. మర్నాడే నేనూ అన్నయ్యగారూ బైకు మీద వెళ్ళాం.

ఆ రైతుని నేను అంతకు ముందు ఏడాది చూశాను. వైరస్ వచ్చి చెరువు మొత్తం పోయినప్పుడు మా ఛానల్లో మాట్లాడారు. చాలా బాగా మాట్లాడారు. ఇప్పుడు మమ్మల్ని దూరం నించి చూసి, గట్టు దిగి అటు నడవడం మొదలుపెట్టారు. అన్నయ్యగారు వెనకాల కేకేస్తూ వెళ్ళి ఆపారు. నేను విషయం చెప్పగానే ఆయన చుట్టూ చూశారు. చెరువులో నీళ్ళు చిలికే ఏరేటర్లు తిరుగుతున్నాయి, మనిషి పొడ లేదు. అయినా గొంతు తగ్గించారు.

"మీకు నేనేం అపకారం చేశానమ్మా?"

మేం ఆశ్చర్యపోయాం. ఆయన ఓపిగ్గా వివరించారు. "నాకు బాగా వచ్చిందని మీరు టీవీలో చెప్తే, రేపొద్దున్నకల్లా ఈ గట్టు మీద ఊరంతా నించుంటది. ఆళ్ళ చూపులకే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోద్దండి. పోయినేడు చెరువు పోయినప్పుడు మీరొచ్చారు. అరగంట మాట్లాడాను, భోంచేసి వెళ్ళమన్నాను కూడాను. అది చెప్పుకోవచ్చు. ఇది చెప్పుకునేది కాదు. మళ్ళీ నష్టం వస్తే నేనే కబురుపెడతాను, అప్పుడు రండి."

అని, ఎండలో వచ్చామని కొబ్బరిబొండాలు కొట్టించి ఇచ్చి పంపించారు. రెండు రోజులకి మా ఇంటికి ఒక సంచీడు రొయ్యలు వచ్చాయి. పెద్ద పెద్ద రొయ్యలు. ఎవరు పంపారో తెచ్చినతను చెప్పలేదు. చింతచిగురు వేసి వండాను. పంట ఎలా వచ్చిందో ఆ రొయ్యల్ని చూస్తేనే తెలుస్తోంది. కానీ ఆ వార్త మా ఇద్దరి కడుపుల్లోకే వెళ్ళింది, టీవీలోకి వెళ్ళలేదు.

ఇలా మంచి జరిగినవాళ్ళు పారిపోతుంటే, మంచి తామే అనుకునేవాళ్ళు మాత్రం మేడ మెట్ల మీద వరస కట్టారు. పుట్టినరోజుకి పళ్ళు పంచిన నాయకుడు, పంచబోతున్న నాయకుడు, బట్టల షాపు కొత్త శాఖ, కంటి పరీక్షల శిబిరంలో రిబ్బను కత్తిరించిన పెద్దమనిషి. ప్రకటనలు కూడా వాళ్ళే ఇస్తారు కనక ఓనరుగారికి సంతోషమే. మామ్మగారికి నచ్చలేదు. ఇవి శుభవార్తలు కావు, సన్మాన పత్రాలు అని ఫోన్ చేసి చెప్పారట.

చూసేవాళ్ళ సంగతి నాకు బస్టాండు దగ్గర టిఫిన్ హోటల్లో తెలిసింది. మా టైముకి ఆ హోటల్లో ఎప్పుడూ మా ఛానలే పెట్టేవారు. ఒక సాయంత్రం సెలవు పెట్టి మా ఆయనతో పెసరట్టు తినడానికి వెళ్ళాను. ముందే రికార్డు చేసినదాంట్లో నేను టీవీలో నవ్వుతూ ఎవరో మొక్కలు నాటారని చెప్తున్నాను. క్యాష్ కౌంటర్లో కూర్చున్నాయన చూసి చూసి ఛానల్ మార్చారు. అటుపక్క పెద్ద ఛానల్లో తెరంతా ఎరుపు, ఎక్కడో ఏదో కూలింది. తినేవాళ్ళందరూ తలెత్తారు. ఆయన నన్ను గుర్తుపట్టి కంగారుపడి, "మీరు బాగానే చదువుతున్నారండి, కానీ వార్తలు ఎప్పుడు వస్తాయని అడుగుతున్నారండి మావాళ్ళు" అన్నారు. మా ఆయన పెసరట్టులోకి తల వంచుకుని నవ్వుకున్నారు. తలెత్తినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఏం కూలిందో చూసి గానీ మిగతా పెసరట్టు తినలేదు.

కాలవలకి నీళ్ళు వదిలాక ఒక గేదె గట్టు జారి కాలవలో పడింది. నలుగురు దిగి, తాళ్ళు కట్టి, నానా తంటాలు పడి బయటికి లాగారు. అన్నయ్యగారు మొదటినించీ చివరిదాకా తీశారు. ఆ రోజు మాకు వచ్చినన్ని ఫోన్లు ఎప్పుడూ రాలేదు. గేదెకి ఎలా ఉందని మర్నాడు కూడా అడిగారు. ఓనరుగారు మురిసిపోయి ఇలాంటివే కావాలన్నారు. ఇలాంటివి కావాలంటే ముందు గేదె కాలవలో పడాలి కదండీ అన్నారు అన్నయ్యగారు. ఓనరుగారు కాసేపు ఆలోచించి కిందికి వెళ్ళిపోయారు.

ఇంకొకటి కూడా అప్పుడే జరిగింది. మా పక్క వీధి కల్వర్టుకి చాన్నాళ్ళుగా రెయిలింగు లేదు. శుభవార్తలు మొదలుకాక ముందు ఒక స్కూటరు అందులో పడి ఒకాయన కాలు విరిగింది. అది నేనే చదివాను, పెదాలు బిగించి. ఆ వార్త రోజూ వేయగా వేయగా చివరికి కొత్త రెయిలింగు పెట్టారు. దాన్ని శుభవార్తగా వేశాం, గులాబీ రేకులతో సహా. అది అయిన దగ్గర్నించీ మాకు ఫోన్లు. మా కల్వర్టుకీ లేదండి, మా వీధిలో కూడా లేదండి అని. ఊరి చుట్టూ ఎన్ని కల్వర్టులకి రెయిలింగు లేదో ఆ వారంలో మాకు తెలిసింది. అవన్నీ శుభవార్తల్లో ఎలా చెప్పాలో తెలియక కింద పరిగెత్తే అక్షరాల్లో వేశాం. ఆ అక్షరాలు చదవడానికే మమ్మల్ని చూస్తున్నామని కొందరు అన్నారు. నాకు అప్పుడు నిజంగానే అనుమానం వచ్చింది. నేను పెదాలు బిగించి చదివినదే ఆ రెయిలింగు తెచ్చింది. నవ్వుతూ చదివినదాని వల్ల ఏం వచ్చిందో ఎంత ఆలోచించినా తట్టలేదు.

ఈలోగా ఊళ్ళో నన్ను చూసిన ప్రతివాళ్ళకీ ఒకటే హాస్యం దొరికింది. "అందరి శుభవార్తలూ చెప్తున్నావు, నీ శుభవార్త ఎప్పుడమ్మా?" కూరగాయలావిడ అడిగింది. పక్క పోర్షనావిడ అడిగింది. ఇంటర్వ్యూ ఇవ్వడానికి వచ్చిన నాయకుడి భార్య కూడా అడిగింది. అయిదేళ్ళుగా అడుగుతున్న మాటే, ఇప్పుడు మా కార్యక్రమం పేరు వల్ల వాళ్ళకి ఇంకా తేలికైంది. కెమెరా ముందు నవ్వినట్టే వాళ్ళ ముందూ నవ్వేదాన్ని. ఇంటికొచ్చాక కొన్నిసార్లు నవ్వలేకపోయేదాన్ని.

వానలు ముమ్మరంగా పడుతున్న రోజుల్లో, ఆ వార్త నిజంగానే వచ్చింది. డాక్టరమ్మ చెప్పగానే ముందు మా ఆయనకి, తరవాత కాకినాడలో ఉన్న మా అమ్మకి చెప్పాను. ఫోన్లో అమ్మ ఏడ్చింది. కళ్ళు తుడుచుకున్న వెంటనే, అయిదో నెల దాకా ఎవరికీ చెప్పొద్దు, మీ టీవీవాళ్ళకి అసలే చెప్పొద్దు అంది. నేను కూడా అదే అనుకుంటున్నాను. రైతుగారి గట్టు మీద నించుని, చెప్పండి ఫరవాలేదు అని బతిమాలిన మనిషిని నేనే. ఇప్పుడు నా వాంతి చప్పుడు విని పక్క పోర్షనావిడ ఏమైందంటే, బజ్జీలు పడలేదండి అని చెప్పాను.

ఆఫీసులో ఎవరూ కనిపెట్టలేదు. ఏసీ ఆపిన ఆ గదిలో, అన్నయ్యగారి సెంటు వాసన మధ్య పావుగంట నవ్వుతూ కూర్చోవడం ఎంత కష్టమో చెప్పలేను. నాలుగైదు రోజులు గడిచాయి. ఒకరోజు పొద్దున్నే మామ్మగారు ఇంటికి రమ్మని కబురు పెట్టారు. కార్యక్రమం గురించి చీవాట్లు ఉంటాయనుకుంటూ వెళ్ళాను.

ఆవిడ వంటింట్లో పీట మీద కూర్చుని ఉసిరికాయ పచ్చడి సీసాలోకి తీస్తున్నారు. నన్ను చూడగానే తలుపు దగ్గరగా వెయ్యమన్నారు.

"ఎన్నో నెల?"

ఆవిడ పచ్చడి గరిట పక్కన పెట్టి నా వైపు చూశారు. "నాలుగు రోజుల్నించీ చూస్తన్నాను. ఆ మొక్కలు నాటిన ముక్క చెప్తూ రెండుసార్లు మింగావు. నిన్న మొహం అంతా పాలిపోయింది. బజ్జీలూ గిజ్జీలూ అని నాకు చెప్పకు."

ఆ బజ్జీల సంగతి ఈవిడ దాకా ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలీదు. రెండో నెల అని ఒప్పుకున్నాను. ఆవిడ లేచి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టారు. ఆవిడ చేతికి పచ్చడి నూనె ఉంది, నా జుట్టుకి అంటింది. నాకు ఏడుపొచ్చింది, అది కూడా ఏదో వాసనకే అన్నట్టు చెంగు అడ్డం పెట్టుకున్నాను.

సరిగ్గా అప్పుడు ఓనరుగారు వచ్చారు. తలుపు తోసి, తల్లి మొహం, నా మొహం చూసి, విషయం పట్టేశారు. ఆయన మొహం వెలిగిపోయింది. మన యాంకరు ఇంట్లోనే శుభవార్త, ఇంతకంటే ఏం కావాలి, మొదటి వార్తగా వేద్దాం అన్నారు. అన్నయ్యగారికి చెయ్యడానికి జేబులోంచి ఫోన్ తీశారు.

"వేశావంటే నీ టీవీ నేను జన్మలో చూడను" అన్నారు మామ్మగారు.

"శుభవార్తలు వెయ్యమంది నువ్వే కదమ్మా?"

"ఊళ్ళోవాళ్ళవి వెయ్యమన్నాను. మన పిల్లవి వెయ్యమన్నానా?"

ఓనరుగారు ఫోన్ జేబులో పెట్టుకున్నారు. నా వైపు చూశారు. నేను కూడా వద్దన్నట్టు తల ఊపాను. ఇన్ని నెలలుగా తమ మంచి కబురు చెప్పనివ్వనివాళ్ళందరూ ఇలాగే తల ఊపి ఉంటారని ఆయనకి తట్టిందేమో, అక్కడే గడప మీద కూర్చుండిపోయారు. మామ్మగారు ఆయనకి పచ్చడి రుచి చూపించారు.

నేను ధైర్యం చేసి అడిగాను. అసలు మా కార్యక్రమం మీకు నచ్చుతోందా, బీపీ తగ్గిందా అని. బీపీ ఎప్పట్లాగే ఉందట. "నువ్వు బాగానే చదువుతున్నావమ్మాయ్. కానీ అందులో ఏమీ జరగట్లేదు. మొదట్లో నీ మొహం చూసి, తరవాత ఆ పెద్ద ఛానల్ పెట్టుకుంటన్నాను. ఆళ్ళు అరిచేస్తారు గానీ, ఏదో ఒకటి చెప్తారు." ఆ మాట విన్న కొడుకు, పచ్చడి చేతిలో పెట్టుకుని, ఇదేదో మొన్ననే చెప్పొచ్చు కదమ్మా అన్నారు. మొన్న నువ్వు అడగలేదు అన్నారావిడ.

శుభవార్తల పావుగంట అలా అయిపోయింది. వినాయకచవితి లోపల మామూలు వార్తలు మళ్ళీ వచ్చాయి. చివర్లో ఒక మంచి ముక్క ఉండాలని ఓనరుగారు పెట్టారు. అది ఒక్కోరోజు ఉంటుంది, ఒక్కోరోజు ఉండదు. కల్వర్టుల వార్తలు వరసగా వేశాం. కొన్నింటికి రెయిలింగులు వచ్చాయి. నేను అయిదో నెల నిండేదాకా చదివి, ఆ తరవాత ఇంట్లో కూర్చున్నాను. నా చోట వచ్చిన అమ్మాయికి ఓనరుగారు పళ్ళ గురించి ఏం చెప్పారో తెలీదు. ఆ అమ్మాయి ఎప్పుడూ సగం నవ్వుతూ చదువుతుంది, ఏ వార్తకైనా సరిపోతుంది.

మా వాడు పుట్టాడు. బాగున్నాడు. పాలు తాగుతాడు, హాయిగా పడుకుంటాడు, మెలకువ వస్తే తనలో తనే ఏదో చెప్పుకుంటాడు. వాణ్ణి చంకనేసుకుని మొన్న మార్కెట్‌కి వెళ్ళాను. కూరగాయలావిడ వంకాయలు పక్కకి తోసి, బాబు ఎలా ఉన్నాడమ్మా అని అడిగింది.

"ఏం ఉండటమండీ. నిద్రే పోడు. పాలు కక్కేస్తాడు. మొన్నట్నించీ జలుబు కూడాను."

మా ఆయన పక్కనే సంచి పట్టుకుని నించుని నా వైపు వింతగా చూశారు. ఆవిడ మాత్రం ఎంతో జాలిపడి, వాళ్ళ మనవడు కూడా అంతేనని, పుట్టిన దగ్గర్నించీ ఒకటే గురకని మొదలుపెట్టింది. వాము కాచి పట్టమంది. నేను మావాడికి లేని జలుబుకి మందులన్నీ శ్రద్ధగా విన్నాను. వాడు నా భుజం మీద హాయిగా నిద్రపోతున్నాడు. వాడి మొహం ఆవిడకి కనపడకుండా చెంగు కాస్త పైకి లాగాను.